కింద నిలబడినవాళ్ళకు అందని పాట

గోమతి రోజూ పొద్దున వేలూరు బస్సుకు బయలుదేరే ముందు గోడకు తగిలించిన కొట్టుచెక్కను తీసి కళ్ళకద్దుకునేది. సున్నం మిద్దెలు వేసిన కాలంలో ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని, తడి సున్నం బిగిసేదాకా అట్లాంటి చెక్కలతోనే కొట్టేవాళ్ళు. తల్లి మునియమ్మ చేతిలో అరిగి అరిగి దాని పిడి నున్నగా మెరిసేది.

"పక్కన గంగమ్మ పటం ఉండంగా ఆ కట్టెకు మొక్కుతావేమే?" అనేది మునియమ్మ.

"ఆమెకూ మొక్కినాలేమ్మా. అన్నం పెట్టింది ఇది గదా."

గంగమ్మ తల్లి ఏనాడూ అలిగినట్టు కనబడలేదు.

తొంభై అయిదో సంవత్సరం అది. గుడియాత్తంలో ఏ వీధికి పోయినా కాంక్రీటు మిక్సర్ల రొద, తల మీద కేబుల్ టీవీ తీగలు. సున్నం మిద్దె వేయమని మునియమ్మను పిలిచేవాళ్ళే లేరు. మిద్దెలతో పాటే వాటి మీద పాడిన పాటలూ పోతాయని, గోమతి డాక్టరేటుకు ఆ పాటలనే పట్టుకుంది.

వేలూరు కాలేజీలో ఆమె గైడు ఏసుదాస్ సారు. చెడ్డవాడు కాదు. ఎండలో వచ్చిన పిల్లకు ముందు కుండలోని నీళ్ళు ముంచి ఇచ్చి, ఆ తర్వాతే మందలించేవాడు. "దీని మీద ఇంతకుముందు ఎవరేం రాశారో చదివి, ఆ అధ్యాయం పట్టుకురా," అన్నాడు తమిళంలో. "దీపావళి లోపల తేలేకపోతే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మీద చెయ్యి. దానికి బీరువా నిండా పుస్తకాలున్నాయి."

ఈ సంగతి విని మునియమ్మ హడలిపోయింది. "ఇంకొకరు రాసింది చూసి రాస్తే పట్టుకోరా? బళ్ళో పక్కపిల్ల పలక చూసినావని అయివోరు చెవి మెలిపెట్టింది మరిచిపోయినావా?"

"చూసి రాసేది గాదమ్మా. ముందు వరస యాడిదాకా కొట్టిందో చూసుకొని, ఆడినించి మనం కొట్టేది."

"అట్ల చెప్పు మరి."

లైబ్రరీలో పుస్తకాలు తీసిచ్చే గుణశేఖర్ అడుగు అరలోకి దూరి ఒక లావుపాటి పుస్తకం వెతికి తీశాడు. తన తువ్వాలుతోనే దుమ్ము దులిపి, "మీ భాషే గదమ్మా, తీసుకో," అని చేతికిచ్చాడు. గోమతి తెరిచి చూసింది. తెలుగు పుస్తకం. ఇంట్లో పుట్టిననాటినుంచీ తెలుగే, బళ్ళో మాత్రం అంతా తమిళం. నోటినిండా పలికే మాట కాగితం మీద చుట్టలు చుట్టుకుని, నువ్వెవరన్నట్టు చూసింది.

"చదవలేని భాష పాటల మీద ఏం రాస్తావు? అగ్గిపెట్టెలు తీసుకోమ్మా," అన్నాడు సారు.

"తీసుకోను సార్. దీపావళి ఇంకా రాలేదు గదా."

మర్నాడే గుడియాత్తం బజారులో రంగరాజులు లుంగీల అంగడికి పోయింది. ఆయన పొద్దున్నే తెలుగు పంచాంగం చదవనిదే బేరం మొదలుపెట్టడు. ఆయన ఇంటి మిద్దె ఒకప్పుడు మునియమ్మ జట్టు కొట్టిందే.

"డాక్టరు చదువని పోయి, అ ఆల కాడికి వచ్చినావా?" అని పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే లుంగీల మూట పక్కకు జరిపి, ఆమెకు చోటు చేశాడు. నల్లటి బల్ల మీద సుద్దతో అక్షరం రాసేవాడు. బేరానికి ఎవరైనా వస్తే, "ఉండప్పా, ఈ ఒత్తు కానీ," అని నిలబెట్టేవాడు. పక్క అంగళ్ళవాళ్ళు ఎగతాళి చేసినా ఆమె తలెత్తలేదు. చిత్తూరు బస్సు పలకను మొదటిసారి తనంతట చదివిన రోజు, ఆ సంగతి కండక్టరుకు కూడా చెప్పింది.

అక్షరం కూడబలుక్కుంటూ పుస్తకంలో తనకు కావలసిన పేజీ చేరింది. అక్కడ ఉన్నది ఇంతే: మిద్దె కొట్టే ఆడవాళ్ళ పాటల్లో అర్థమేమీ లేదు, అవి దెబ్బకు తగిన వట్టి కేకలు. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది. తప్పు కాదు. ఇంటికి పోయి తల్లికి వినిపించింది.

మునియమ్మ నోట్లో వక్క బయటపడేలా నవ్వింది. "మా కాడికీ ఒక కళ్ళద్దాలాయప్ప వచ్చినాడు. మేస్త్రీ పక్కన కింద నిలుచుకొని రాసుకున్నాడు. పరాయోళ్ళు వింటా ఉంటే మాటలు బయటికి తీస్తామా? 'ఓ హోయ్' అనేసి ఊరుకుంటిమి. ఆయప్ప పోయినాంకనే అసలు పాట."

"అసలు పాట ఏమని?"

"రంగరాజులు మాకు పోసిన మజ్జిగలో ఏరంతా కలిపినాడని!"

"పాడమ్మా, టేపులో పట్టుకుంటా."

"వట్టి నేల మింద కూసుంటే నాలిక తిరగదే. మిద్దె ఉండల్ల, పక్కన వరస ఉండల్ల."

గోమతి తమిళంలో అధ్యాయం మొదలుపెట్టింది. మొదటి వాక్యమే ఇది: 'ఈ పాటల గురించి ఇంతవరకు రాసినవారు కింద నిలబడి విన్నారు.' ఏసుదాస్ సారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పొగరుగా రాశావు. నాకు నచ్చింది. కానీ అచ్చయిన మాటను కాదనాలంటే మీ అమ్మ చెప్పింది చాలదు. పాట తీసుకురా. తెస్తే ఈ పేజీ నిలుస్తుంది. లేకుంటే అగ్గిపెట్టెలే."

"తెస్తాను సార్."

రంగరాజులు మిద్దె వానకు కారుతోంది. దీపావళి కాగానే పగలగొట్టి కాంక్రీటు పోయిస్తానని ఆయన అందరికీ చెబుతున్నాడు. గోమతి తిన్నగా అంగడికి పోయింది. అలవాటు ప్రకారం ఆయన మూట జరిపాడు.

"ఇంకా ఏ అక్షరం మిగిలిందమ్మా?"

"అక్షరం గాదయ్యా. మీ మిద్దె కావల్ల. పగలగొట్టేలోపల ఒక మూల మళ్ళీ సున్నంతో కొట్టనీండి. అమ్మ, ఆమె జట్టు ఆడోళ్ళు వస్తారు."

"కారే మిద్దెను కొడతామంటే వద్దంటానా? రండి."

"ఇంకొకటుండాది. ఆ దినం మీరు ఆడ ఉండగూడదు. అరక్కోణంలో మీ కూతురింటికి పోయి రండి."

"నా ఇంట్లోనించి నన్నే పొమ్మంటావా! ఎందుకట?"

గోమతి తల దించలేదు. "మీ మింద పాటలుండాయయ్యా, మీ మజ్జిగను గురించి. మీరు వింటా ఉంటే మా వాళ్ళు పాడరు. పాడినాంక అవి నేను రాస్తా, మీరు నేర్పించిన అక్షరాల్లోనే. దానికీ మీరు సరే అనల్ల."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వి, సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టి, "సరే, రాయి. ఒత్తులు మాత్రం తప్పు పోగూడదు," అన్నాడు.