మా గల్లీ మీద యుద్ధం

ఉపేందర్ మా ఇంటి మీది గదిలో అద్దెకు దిగి మూడేళ్లయింది. తొర్రూరు మనిషి. కొత్తవాడలో జంపఖానాలకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడికీ రంగు నింపుతాడు, నేతగాళ్లు దాన్ని చూసి నేస్తారు. మాట తక్కువ, వంక పెట్టడానికి ఏమీ దొరకదు. అలాంటి మనుషులంటేనే నాకు అనుమానం.

ఈ ఎండాకాలం ఆ అనుమానానికి దారి దొరికింది. పొద్దున్నే గల్లీలో అడుగులు లెక్కబెడుతూ నడిచేవాడు. ఏ ఇంటికి వెనక తలుపుందో, ఏది రాతిగోడో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఇంటింటికీ వెళ్లి ఏదో అడిగి వచ్చేవాడు. నన్నూ అడగబోతే, నాకు పనుంది పొమ్మన్నాను.

ఒకరోజు బట్టలు ఆరేయడానికి పైకి వెళ్తే అతని గది తలుపు తీసి ఉంది. బల్ల మీద గళ్ల కాగితం, దాని నిండా మా గల్లీ. ఇళ్లన్నీ పచ్చగానో పసుపుగానో ఉన్నాయి. మా ఇల్లొక్కటే ఎర్రగా ఉంది. పక్క బజారులో రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడల మీద ఎర్ర గుర్తులే పెట్టారు. నెల తిరక్కుండా ఆ గోడలు లేవు. నాకు ఈ ఇల్లు తప్ప ఇంకేముంది?

ఇక ఊరుకుంటానా! కిరాణా కొట్టు రామలింగానికి చెప్పాను, పక్కింటి ప్రేమలతకు చెప్పాను. సర్వే వాళ్ల మనిషి మన మధ్యే తిరుగుతున్నాడన్నాను. మర్నాటికి గల్లీలో అతణ్ని పలకరించే దిక్కు లేదు. ఆ సాయంత్రం మెట్ల మీద ఆపి, ఆదివారానికల్లా గది ఖాళీ చేయమన్నాను.

"ఏమైందక్కా?"

"నా ఇంటికి ఎర్ర రంగు ఎందుకేసినవ్? ఎవరు పంపిన్రు నిన్ను?"

అతను కోప్పడలేదు. పైకి రమ్మని ఆ కాగితం పరిచి, దాని మీద చొక్కా గుండీలు పెట్టాడు. పట్నంలో కొందరు బల్ల మీద యుద్ధం ఆటలు ఆడతారట. అలాంటి ఆటకే ఇతను మా గల్లీని పటంగా గీసి నియమాలు రాస్తున్నాడట. నల్ల గుండీలు గల్లీని పట్టుకోవాలి, తెల్ల గుండీలు కాపాడాలి.

"గీ కథలు నా దగ్గర చెప్పకు," అన్నాను. అయినా అబద్ధం పట్టుకుందామని ఆడటానికి కూర్చున్నాను. అతని నల్ల గుండీలు రోడ్డు వెంబడి వచ్చాయి. నేను నా తెల్ల గుండీలను ప్రేమలత ఇంట్లోంచి వెనక గల్లీకి తోశాను.

"గట్ల పోరాదక్కా. ఇంటోళ్లు తలుపు తియ్యాలె. దానికి పాచిక వెయ్యాలె. పచ్చ ఇంటికి రెండు పడ్డా తీస్తరు, పసుపుకు నాలుగు పడాలె."

"ఎర్ర ఇంటికి?"

"ఎర్ర ఇల్లు తియ్యదు."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండింది. "నేను తలుపు తియ్యనని నీకెవరు చెప్పిన్రు?"

చిన్న పుస్తకం నా ముందు పెట్టాడు. ఇంటింటికీ తిరిగి అతను అడిగింది ఒకటే. ఊళ్లో గొడవలైతే ముందు ఎవరి తలుపు కొడతారని. ఇరవై రెండు ఇళ్ల జవాబులున్నాయి. రామలింగం పేరు చాలాసార్లు ఉంది. రోజూ ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకునే పోశయ్య పేరు కూడా ఉంది. నా పేరు కోసం రెండుసార్లు వెతికాను. లేదు. ప్రేమలత పెళ్లి పనులన్నీ నా చేతుల మీదే జరిగాయి. ఆమె కూడా నా పేరు చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

"మరి నిన్నడిగితే ఎవరి పేరు చెప్తవ్?"

అతను గుండీలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. "ఆట రాసేటోడు లెక్కల రాడక్కా. వస్తే నీ పేరే చెప్తుంటి. నేనొచ్చిన కొత్తల జరమొస్తే తొమ్మిది దినాలు జావ పోసినవ్." చివరి గుండీ ఏరి అన్నాడు, "గా మాట మొన్నటిదాంక."

ఆదివారం ఆటో వచ్చింది. ఉండమని చెప్పాలనే మెట్ల దగ్గర నిలబడ్డాను, చివరికి అతని సామానుకు దారిచ్చి పక్కకు జరిగాను. అతను తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను అసొంటోణ్ని కాదని గల్లీలోళ్లకు జర చెప్పక్కా," అన్నాడు.

అంతవరకైనా చేద్దామని ఆటో మలుపు తిరగ్గానే ప్రేమలత ఇంటికి వెళ్లాను. ఆమె తలుపు సగమే తీసింది.

"ఇయ్యాల ఎవరి మీద చెప్పనీకి వచ్చినవ్ వదినా?"