ఆమె నవ్వింది, అంతే

నిన్న మిర్యాలగూడలో మా అమ్మాయి బడి నవల ముందేసుకుని ఉపమాలంకారాల కింద గీతలు గీస్తోంది. చెక్కిన పెన్సిల్ వాసనకే నా అరచేతులు చెమటపట్టాయి. త్రిపురారం బళ్లో నాతో చదివినోళ్లారా, మీకు గుర్తుందా ఆ పీరియడ్?

తెలుగు సారు చేతిలో బరిగె. నవలలోంచి తలా ఒక అలంకారం చెప్పాలి, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. నేను గీసిపెట్టుకున్నవన్నీ ముందు బెంచీలవాళ్లే లాగేసుకున్నారు. మిగిలిన ఒక్కటీ పక్కనున్న మరియమ్మ చెప్పేసి, నా వంక చూడకుండా కూర్చుంది.

లేచి, కంటికి ఆనిన వాక్యం చదివాను: "పంట పోయిందని విని ఆమె నవ్వింది."

"దీంట్ల అలంకారం ఏడుంది? చెయ్యి సాపు," అన్నాడు సారు.

చాపాను. బరిగె లేచింది. "అది నవ్వు కాదు సార్," అన్నాను. "మొన్న రాళ్లవానకు మా వరి పంటంత రాలిపోతే మా అమ్మ గూడ గట్లనే నవ్వింది. అప్పటిసంది ఏం తింటలేదు, మాట్లాడ్తలేదు."

బరిగె గాలిలోనే ఆగిపోయింది. సారు ముఖం పాలిపోయింది.

"ఇంట్ల ఇంకెవరున్నరు?"

"ఎవ్వరు లేరు సార్."

"సంచి ఈడనే ఉండనియ్. అమ్మ కాడికి ఉరుకు బిడ్డా, ఉరుకు!"

కాలువ గట్టు వెంబడి చెప్పుల్లేకుండా పరుగెత్తాను. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది. "అమ్మా!" అంటూ రెండు చేతులతో బాదాను. అరచేతులు మండేదాకా బాదుతూనే ఉన్నాను. తర్వాత గడియ కదిలింది.

నిన్న మా అమ్మాయికి ఆ పెన్సిల్ చెక్కిచ్చింది మా అమ్మే.