తడిసిన నాలుగు వేళ్లు

మా కర్నూలులో ఎండాకాలం ఇంట్లో ఎక్కడైనా తడి కనిపిస్తే సంతోషించాలి. ఆ మధ్యాహ్నం బుద్ధుడి బొమ్మ కుడిచేతి వేళ్ల కొసలు తడిగా ఉండటం చూసి నాకు మాత్రం భయమేసింది.

దయ్యాలు, మహిమలు నేను నమ్మను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. నా భయాలన్నీ పిల్లల జ్వరం, బడి ఆటో, కరెంటు తీగ లాంటివే. అవి మాత్రం చాలా ఉన్నాయి.

ఆ బొమ్మ నల్లరాయిది, జానెడు ఎత్తు. ఎడమచెయ్యి ఒళ్లో ఉంటుంది. కుడిచేతి వేళ్లు కిందికి వాలి నేలను తాకుతుంటాయి. భూమినే సాక్షిగా పిలిచిన గుర్తట అది. ఊరికే దిగులుపడే నాకు ఆ చెయ్యి చూస్తే కాస్త నిలకడ వచ్చేది. అందుకే కొన్నాను.

మా అత్తది కోడుమూరు. చూసిన రోజే ముఖం చిట్లించింది. "పెండ్లాన్ని, బిడ్డను ఇడ్సిపెట్టి పోయిన ఆయప్ప బొమ్మను ఇంట్లో పెడ్తావా? నా కొడుకు గూడా యాడికన్నా పోతే?" అంది.

"నీ కొడుకు టీవీ ముందర నుంచి లేస్తే గదత్తా పోయేది" అన్నాను. ఆమె నవ్వలేదు. బొమ్మను నేను తీయలేదు.

వేళ్లు తడిసిన రోజుకి కుళాయిలో నీళ్లు రాక ఎనిమిది రోజులు. వసారాలోని సంపు పూర్తిగా ఎండిపోయింది. వీధిలో అందరిలాగే మేమూ దానిమీద కడప బండ పరిచాం. చల్లగా ఉంటుందని పిల్లలిద్దరూ దానిమీదే కూర్చుని ఆడుకుంటారు.

వేళ్లను కొంగుతో తుడిచాను. చూస్తుండగానే మళ్లీ చెమర్చాయి. ఒళ్లోని చెయ్యి పొడిగా ఉంది. కింద చెక్కపీటా పొడిగానే ఉంది. ముందు భయం, వెంటనే కోపం వచ్చింది. బిందెలో మిగిలిన కాసిని నీళ్లతో పిల్లలే ఆడారనుకున్నాను. బండ మీద అష్టాచెమ్మా ఆడుతున్న ఇద్దరినీ లోపలికి పిలిచి నిలదీశాను.

"మేము ముట్టుకోనే లేదు మా" అని పాప ఏడుపు ముఖం పెట్టింది. బాబు రెండు చేతులూ చాపి చూపించాడు. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

అప్పుడే వసారాలో పెద్ద చప్పుడైంది. బండ రెండుగా విరిగి సంపులోకి పడిపోయింది. ఎనిమిదడుగుల లోతు, అడుగున ఉత్త సిమెంటు. ఆడుతూ వదిలేసిన గవ్వలు అక్కడ పడి ఉన్నాయి.

బండ ఎందుకు విరిగిందో మేస్త్రీ చెప్పాడు. కిందివైపు పొరలుగా లేచిపోయిందట. వేళ్లెందుకు తడిశాయో చెప్పినవాళ్లు లేరు. గాలిలో తేమ అందామంటే, ఆ తేమ నాలుగు వేళ్లకే పడుతుందా? నా భ్రమ అందామంటే, అత్త కూడా ముట్టి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రానికి ఆరిపోయాయి. రోజూ చూస్తున్నాను, మళ్లీ తడవలేదు.

ఆ బొమ్మ వల్లే కీడు జరగబోయిందని అత్త అంది. కాపాడింది కాబట్టి కొబ్బరికాయ కొట్టమని పక్కింటావిడ అంది. బొమ్మను తీయలేదు, కాయా కొట్టలేదు. తెలియనిదాన్ని తెలియదనే అంటాను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ కూడా నా మాట అదే.

బండ విరిగిన మర్నాడు పొద్దున జడ వేస్తుంటే పాప అడిగింది, బుద్ధుడు మమ్మల్ని కాపాడినాడా అని. తమ్ముడూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నాకు తెల్దు" అన్నాను. "ఇంగ ఏ సంపు బండ మీదా కూచోగాకండి. ఈ బొమ్మ మాత్రం ఈడనే ఉంటాది. అవ్వకు నేను చెప్తా."