మూత తీయని టర్కీ కోడి

మొన్న క్రిస్మస్‌కి సౌదీలో, తాయిఫ్‌లోని మా నర్సుల క్వార్టర్స్‌లో, మంచం కింద అట్టపెట్టెలో పడివున్న, కోడిని నిండుగా కాల్చే ఎలక్ట్రిక్ రోస్టర్‌ని బయటికి లాగి తుడుస్తుంటే, మూత మీది సొట్ట వేలికి తగిలి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకంటే ముందే బాపట్ల నుంచి ఇక్కడికి వచ్చి, ఏళ్ల తరబడి నాతో ఒకే గదిలో ఉన్న అక్క గరిటెతో కొట్టిన సొట్ట అది; మూత ఎత్తబోయిన మా చేతుల్ని బెదిరించడానికి కొట్టింది.

ఈ దేశంలో ఉద్యోగం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మన పండగ మన గదిలోనే, అదీ డ్యూటీలు కలిసొస్తేనే. ఫిలిప్పీన్స్ నర్సు ఒకావిడ అక్కకి టర్కీ వండటం నేర్పింది: ముందురోజే ఉప్పు పట్టించి, చర్మం కింద వెన్న పూసి, అడుగున కాసిని నీళ్లు పోసి, మూత పెట్టాక ఇక దాని జోలికి పోకూడదని. మనవల్ల అవుతుందా అది! ఇగురు పొయ్యి మీదుంటే పదిసార్లు మూత తీసి కలిపితే గాని మనసు నిలవదు మనకి. డ్యూటీ దిగి వచ్చిన ప్రతి తెలుగు పిల్లా యూనిఫాం అయినా మార్చుకోకుండా ఉడికిందా అంటూ మూత ఎత్తేది, నేనూ ఎత్తేదాన్ని. "మూత తియ్యమాకండే, ఆవిరంతా పోద్ది" అని అక్క మొత్తుకునేది. ఏటా రొమ్ము ముక్కలు కొబ్బరిపీచులా ఎండిపోయేవి, ఏటా చారు పోసుకుని తింటూ అక్కని ఏడిపించేవాళ్లం. ఒక్కసారైనా మెత్తటి టర్కీ మీకు పెట్టి గాని ఉద్యోగం వదిలి ఎగ్జిట్ మీద ఇంటికి పోనని పంతం పట్టిందావిడ. ఆ పంతం నెగ్గకుండానే రోస్టర్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తక్కినవాళ్లూ ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఇప్పుడు మా అంతస్తులో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే, అదీ ఫోన్లో.

ఒక్కదానికి అంత కోడి ఎందుకో నాకే తెలియదు. కొట్లో ఉన్నవాటిలో చిన్నది తెచ్చి, అక్క చెప్పినట్టే చేసి, మూత పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. చెయ్యి ఒకటి రెండుసార్లు మూత దాకా పోయింది గాని మానుకున్నాను. కత్తి దించగానే రసం కారింది, అంత మెత్తటి ముక్క నేనెప్పుడూ తినలేదు. సంబరం పట్టలేక వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

"ఎవరూ మూత తియ్యలేదా అమ్మాయ్?" అంది అక్క.

లేదక్కా అన్నాను. చారు గిన్నె చుట్టూ చేరిన ఆ పిల్లలంతా ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నారు, వాళ్లని కసరడానికి అక్క కూడా ఇక్కడ లేదు. మిగిలిన మాంసమంతా డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఇంత బాగా కుదిరిన టర్కీ మళ్లీ ఎప్పుడైనా తింటానేమో గాని, తినాలని మాత్రం లేదు.