పదకొండు వస్తువులతో క్వారీలో దిగిన ఆదివారం

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. చివరిదాకా చదివి ఆ మాట మీరు అనే బదులు, మొదట్లోనే నేను అనేస్తే కాస్త పరువుగా ఉంటుంది. ఆ ఆదివారం షామీర్‌పేట దాటాక ఉన్న ఒక పాత రాళ్ళ క్వారీలో, మూడు నిలువుల నీళ్ళలోకి, పెళ్ళికొడుకు కంటే ఎక్కువ అలంకారంతో దిగాను. ఒంటికి పదకొండు వస్తువులు తగిలించుకున్నాను. అవసరానికి ఒక్కటీ పనికి రాలేదు. పనికి రాకుండా చేసిన ఘనత కూడా నాదే.

నేను జీడిమెట్లలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో ఫోర్‌మన్‌ని. పుట్టింది గౌడవెల్లి, ఇల్లు మేడ్చల్‌లో. పొలం బావుల్లో ఈత నేర్చినవాణ్ణి కాబట్టి నీళ్ళంటే నాకు భయం లేదు. బుద్ధి కూడా లేదని తర్వాత తెలిసింది.

మా పక్కింటి మూర్తి సార్‌ది సముద్రం ఒడ్డున ఊరు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు మోకాలు దాటి దిగనిచ్చేవారు కాదట. ఉద్యోగం ఇటు పడింది. రిటైరయ్యాడు. అరవై దాటినా సముద్రాన్ని పైనుంచి చూడటమే. "లోపల ఏముంటుందో ఒక్కసారి చూసి రావాలండీ, అంతే," అనేవాడు. షామీర్‌పేట వైపు ఒక ఈత కొలనులో ఖాదర్ సార్ అనే ఆయన సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుగుకు దిగడం నేర్పుతున్నాడని తెలియగానే చేరిపోయాడు. తోడుగా నన్నూ లాగాడు.

పరీక్ష క్వారీలో. ఇద్దరిద్దరు జంటగా దిగాలి, చెప్పిన చోటే జంటగా పైకి రావాలి. ఒకరు తప్పితే ఇద్దరూ తప్పినట్టే. పాసైనవాళ్ళు వచ్చే నెల అండమాన్ పోతారు. మూర్తి సార్‌కి తొందర దేనికంటే, ఆయన మోకాళ్ళు ఇంకో ఏడాది తన మాట వింటాయన్న నమ్మకం ఆయనకు లేదు.

పరీక్షకు వారం ముందు ఖాదర్ సార్ అందరినీ కూచోబెట్టి చెప్పాడు. "మాస్కు, సిలిండర్, జాకెట్, కాళ్ళ రెక్కలు. గివి లేకుంటె దిగనియ్య. మిగిలినయన్నీ మీ ఇష్టం. నా మాట ఇంటరా, ఒక విజిల్ పెట్టుకోండ్రి, గాలి నింపితె నిలబడి దూరంకెల్లి కనబడే ఎర్ర గొట్టం ఒకటి పెట్టుకోండ్రి. బస్."

"కత్తి వద్దా సార్?" అన్నాను.

"ఏం కోస్తవ్ భాయ్? గాడ ఉల్లిగడ్డలు గూడ లేవు."

నేను నవ్వాను. ఇంటికొచ్చి ఫోన్‌లో కత్తి ఆర్డర్ పెట్టాను. దాని పక్కనే టార్చి కనబడింది. దాని పక్కనే దిక్సూచి. నీళ్ళలో రాసే పలక, దారపు చుట్ట, వల సంచి, గంట, కొక్కేలు... పక్కపక్కనే పెట్టి అమ్మేవాడిది కూడా కొంత తప్పుందని నా మనవి.

డబ్బాలు విప్పుతుంటే నా భార్య సునీత నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందయ్యా గిదంత? క్వారీల దుకాణం పెడుతున్నవా?"

"అవసరం పడితె ఉంటయ్‌లే."

"అవసరం పడేది నీకు జర తెలివి. గది ఆర్డర్ పెట్టు."

మూర్తి సార్ గోడ మీదుగా చూసి, "అన్నీ మొయ్యాలంటారా గిరి గారూ?" అని మెల్లిగా అడిగాడు.

"సార్, మీరు పరేషాన్ గాకండ్రి. మీ వంతు గూడ నేనే మోస్త."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ వారంలోనే దసరా వచ్చింది. మా జీడిమెట్లలో దసరా అంటే మిషన్లకు పూజ. లేతు మిషన్ నుంచి స్పానర్ దాకా ప్రతిదానికీ పసుపు, గంధం, కుంకుమ పెట్టి దారం చుట్టి, ఆ రోజు ముట్టుకోం. ఇరవై రెండేళ్ళుగా యూనిట్‌లో ఆ పని నాదే. చెయ్యి ఊరికే ఉంటుందా? ఇంటికొచ్చి స్కూటర్‌కి పూజ చేశాను. తర్వాత పదకొండు వస్తువులనూ వాకిట్లో పీట మీద పేర్చాను. కాలనీ అంతా చూడాలి కదా మరి. దేనికీ లోటు చెయ్యలేదు. విజిల్ నోట్లో గంధం దట్టంగా మెత్తాను. ఎర్ర గొట్టం మూతికి పసుపు దారం ముడి మీద ముడి వేశాను. కత్తికి ప్రత్యేక గౌరవం, ఒరతో కలిపి తొమ్మిది చుట్లు.

"విప్పవా మరి?" అంది సునీత మర్నాడు.

"పరీక్ష దాక ఉండనీ. మంచిది," అన్నాను.

ఆదివారం సునీత కూడా చూడటానికి ఆటోలో వచ్చింది. పొద్దున్నే క్వారీ దగ్గర ఖాదర్ సార్ నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. నడిస్తే గలగలమంటున్నాను.

"యాదగిరీ, నువ్వు దిగుతున్నవా, నిమజ్జనం జేస్తున్నరా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, మూర్తి సార్‌కి జంటగా దిగాను. మీదున్న బరువుకు నేను దిగానో, వస్తువులే నన్ను దింపాయో చెప్పలేను. అడుగుకు తగిలేసరికి ఎన్నేళ్ళ బురదో ఒక్కసారిగా లేచింది. పచ్చటి నీళ్ళు చాయ్ రంగుకు మారాయి. టార్చి వేస్తే ఎదురుగా చాయ్ ఇంకా బాగా కనబడింది. ఇంతలో నడుముకున్న దారపు చుట్ట ఊడి, దారం సాగి, మూర్తి సార్ కుడికాలి రెక్కకు చుట్టుకుంది.

ఇప్పుడు అవసరం పడింది కదా! పలక తీశాను. పెద్దాయనకు 'ఆగు' అని ఎట్లా రాస్తాను? అందుకని ఇట్లా రాశాను: "మూర్తి సార్ గారికి నమస్కారములు. తమరి కాలికి దారం చుట్టుకున్నది. దయచేసి కదలవద్దు." రాయడం అయ్యేసరికి ఇంకో నాలుగు చుట్లు పడ్డాయి.

పలక ఆయన ముందు పెట్టాను. ఆయన దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపి, మాస్కు మీద కళ్ళ దగ్గర రెండు వేళ్ళతో గుండ్రంగా చూపించాడు. చదివే అద్దాలు గట్టు మీద సంచిలో ఉన్నాయి.

సరే, కత్తి. ఒర పట్టుకుని లాగాను. రాలేదు. దారం కోయడానికి కత్తి ఉంది. కత్తికి దారం ఉంది. ఆ దారం కోయడానికి ఇంకో కత్తి కొననందుకు ఆ క్షణంలో నిజంగా బాధపడ్డాను.

చివరికి మూర్తి సారే వంగి, కాలి రెక్క విప్పి అక్కడే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని పైకి తెచ్చాడు. తేలింది చెప్పిన చోట కాదు, ఒక పెద్ద బండరాయి వెనక. గట్టు కనబడదు, గట్టుకు మేం కనబడం. జాకెట్‌లలో గాలి ఉంది కాబట్టి మునగం. కాని అవతల ఖాదర్ సార్ మా ఇద్దరి కోసం నీళ్ళలోకి దూకిన చప్పుడు వినబడింది.

"విజిల్ ఊదండి గిరి గారూ!"

ఊదాను. గంధం ముద్ద గొంతులోకి వచ్చింది. సువాసన బాగానే ఉంది, చప్పుడు మాత్రం లేదు.

"పోనీ ఆ గొట్టం!"

"మూతికి ముళ్ళు ఉన్నయ్ సార్."

"ఎవరు వేశారండీ?"

గంధం అడ్డం పడ్డట్టు దగ్గాను.

మూర్తి సార్ ఒక్క క్షణం నన్ను చూసి, ఆకాశం వైపు తలెత్తి, "ఓయ్!" అని ఒక కేక పెట్టాడు. క్వారీ నాలుగు గోడలూ తిరిగి కేక వేశాయి. గట్టు మీంచి సునీత అరిచింది: "గా బండ ఎనక ఉన్నరు సార్!" గొంతు అనేది ఒకటి ఉంటుందని, దాన్ని వాడొచ్చని నాకు తట్టనే లేదు.

గట్టెక్కాక నవ్వుల్లేవు. ఖాదర్ సార్ మూర్తి సార్ కాలి రెక్కను మా ముందు పడేశాడు. మమ్మల్ని వెతికితే ఆయనకు దొరికింది ఆ ఖాళీ రెక్క ఒకటే.

"ఎవరి తప్పు ఇది?" అన్నాడు.

మూర్తి సార్ నాకంటే ముందే అందుకున్నాడు. "నాదేనండీ. పలక మీద రాసింది చదవలేకపోయాను. కంగారు పడ్డాను."

"పెద్దవారు. ఏమనాలె మిమ్మల్ని? ఇద్దరూ ఫెయిల్. అండమాన్ లేదు."

నేను అప్పుడు నోరు విప్పాలి. విప్పలేదు. కొక్కేలు విప్పుకుంటూ కూచున్నాను. మూర్తి సార్‌ని స్కూటర్ వెనక ఎక్కించుకుని మేడ్చల్ వచ్చాను. దిగాక, "గొంతు నొప్పి తగ్గిందా గిరి గారూ?" అని అడిగి లోపలికి పోయాడు. ఆ మాటకు బదులు ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం డ్యూటీకి సెలవు పెట్టి ఖాదర్ సార్ దగ్గరికి పోయాను.

"సార్, నిన్న మూర్తి సార్ తప్పేం లేదు. దారం నాది, ముళ్ళు నావి, గంధం నాది. ఆయనే నన్ను పైకి తెచ్చిండు."

"నిన్న నోట్ల ఏముండె?"

"ఏం లేకుండె సార్."

"మరి ఎందుకు జెప్పలే?"

నేను బల్ల మీదున్న మాస్కు ఒకటి తుడవడం మొదలుపెట్టాను. ఆయన దాన్ని లాక్కుని అన్నాడు: "ఆదివారం మూర్తి సార్ మళ్ళ దిగుతడు. పక్కన నువ్వుంటవ్. ఒంటి మీద ఒక్కటి ఎక్కువున్నా ఊకోను. నీ పరీక్ష మాత్రం నేను జెప్పినప్పుడే."

మూర్తి సార్ పాసయ్యాడు. అండమాన్ నుంచి ఫోన్ చేసి, "చూశానండీ," అన్నాడు. ఇంకేమైనా చెబుతాడని ఆగాను. అంతే చెప్పాడు.

ఖాదర్ సార్ నాకు ఇంకో శిక్ష కూడా వేశాడు. క్వారీకి కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా, ఏం మొయ్యాలి ఏం మొయ్యొద్దు అన్న పాఠం నేనే చెప్పాలి. మొదటిసారి చెప్పినప్పుడు గట్టు మీద నోరు మూసుకున్న సంగతి వదిలేశాను. విజిల్ దగ్గర అందరూ పొట్ట పట్టుకున్నారు. వెనక మూర్తి సార్ కూడా కూచున్నాడు. వచ్చేటప్పుడు, "బాగా నవ్వించారండీ," అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇంట్లో ఉన్న సమస్త స్పానర్ల సాక్షిగా రెండు ప్రమాణాలు చేశాను. నీళ్ళలోకి పోయే ఏ వస్తువుకూ నా జన్మలో బొట్టు పెట్టను. ఈ కథను ఇకమీద సగం చెప్పను.

రెండో బ్యాచ్‌కి మొత్తం చెప్పాను. గట్టు మీది సంగతి వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఖాదర్ సార్ లేచి, మాస్కు ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇగ రా యాదగిరీ, నీ పరీక్ష ఇయ్యాల."