అరక్షణం ఆలస్యంగా తీసే కెమెరా

పెద్ద కెమెరా మెడలో వేసుకుంటే నాకదో దర్జా. ఏలూరులో మా స్టూడియో మా నాన్న పెట్టింది. రీలు కెమెరాలు మూలపడి డిజిటల్ వచ్చినప్పుడు, కిందా మీదా పడి ఒక డీఎస్ఎల్ఆర్ కొన్నాను. దానికో పొడుగు లెన్సు, నెత్తిన ఫ్లాషు, భుజానికి సంచి. నేను పందిట్లోకి నడిచొస్తుంటే జనం పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆ మర్యాద కెమెరాకేనని నాకు తెలుసు. అయినా నేనే పుచ్చుకునేవాణ్ణి.

రెండు మూడు పెళ్ళిళ్ళ సీజన్లు గడిచేసరికి కుడిచెయ్యి చెవిదాకా లేవడం మానేసింది. కొల్లేటి ఊళ్ళలో పెళ్ళంటే బస్సు దిగి, పడవ ఎక్కి, చెరువు గట్ల మీద నడవాలి. అంతదూరం ఆ సంచి మోసి మోసి భుజం బిగుసుకుపోయింది. బరువు మొయ్యొద్దని డాక్టరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. మొయ్యకపోతే ఏం తినాలో మాత్రం చెప్పలేదు. ఇంటికొస్తే మా ఆవిడ అందుకుంది.

"చొక్కా కూడా నేనే తొడుగుతున్నానండీ. భుజం కావాలో కెమెరా కావాలో తేల్చుకోండి."

తేల్చుకోవడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. అక్కడ తెలిసినాయనకు కెమెరాల కొట్టుంది. అద్దాల బల్ల మీద నాలుగు చిన్న కెమెరాలు పరిచాడు. ఒక్కోటీ సబ్బుబిళ్ళంత ఉంది. "ఇవి పట్టుకుని పెళ్ళికెళితే నన్ను వంటవాళ్ళ బంతిలో కూర్చోబెడతారండీ" అన్నాను. ఆయన నవ్వి, "బొమ్మ చూసి మాట్లాడండి" అన్నాడు. బొమ్మ నిజంగానే బాగుంది. ఆల్బమ్ సైజుకి ఏ లోటూ లేదు. చివరికి పెన్సిల్ సెల్స్‌తో నడిచేదాన్ని ఎంచుకున్నాను. మిగతావాటి బ్యాటరీ అయిపోతే కరెంటు కోసం ఎదురు చూడాలి. సెల్స్ అయితే కొల్లేటి మధ్యలో ఉన్న బడ్డీకొట్లోనైనా దొరుకుతాయి. పెద్ద కెమెరాను అక్కడే ఇచ్చేసి, కొత్తదాన్ని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాను. మెడ తేలిగ్గా ఉంది, మనసు మాత్రం చివుక్కుమంది.

దాని అసలు రోగం పెదపాడు పెళ్ళిలో బయటపడింది. బటన్ నొక్కిన అరక్షణానికి గానీ బొమ్మ పడదు. సగం నొక్కి సిద్ధంగా పట్టుకుంటే కాస్త నయమే గానీ, అక్షింతల చేతులు అడ్డొస్తే అదీ గల్లంతే. ఒకసారి ఫ్లాషు వెలిగిందా, మళ్ళీ వెలగడానికి తీరిగ్గా ఊపిరి తీసుకుంటుంది. పెళ్ళిలో ఎన్ని ఫోటోలు తీసినా తాళి కట్టే ఫోటో రాకపోతే నేను పెళ్ళికి వెళ్ళనట్టే. ఆ రోజు నాకు వచ్చిందేమిటంటే, ముడులన్నీ వేసేసి చేతులు దులుపుకుంటున్న పెళ్ళికొడుకు.

"పంతులు గారూ, ఇంకొక్కసారి తాళి పట్టుకోమనండి" అన్నాను.

ఆ చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళు చేయించేది ఆ పంతులు గారే. ఆయనకూ నాకూ ఏళ్ళ పరిచయం. ఫోటోగ్రాఫర్లంటే మాత్రం ఒళ్ళు మంట.

"ఏవండీ సాయిబు గారూ, తాళి ఒక్కసారే కడతారండీ. రెండోసారి కడితే నాటకమౌతుంది. మీ పెట్టె అందుకోలేకపోతే నేనేం చేసేదండీ?" అని అందరి ముందూ దులిపేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాతి పెళ్ళిలో కళ్ళు నమ్ముకోవడం మానేసి చెవులు నమ్ముకున్నాను. తాళి శ్లోకం చివర ఆయన ఒక మాటను బాగా సాగదీసేవారు. ఆ సాగదీత మొదలవగానే నొక్కితే, ముడి పడేవేళకు బొమ్మ పడేది. ఒకటి, రెండు, మూడు పెళ్ళిళ్ళు సరిగ్గా కుదిరాయి. ఆయన కనిపెట్టేశారు. భోజనాల దగ్గర నా పక్కకొచ్చి, "నా గొంతు విని నొక్కుతున్నారా ఏంటి?" అని అడిగారు.

"మరి మీ గొంతు నా పెట్టెకంటే నమ్మకమైంది కదండీ."

"నేను గబగబా చదివేస్తేనో?"

"మీకు దక్షిణ ముడుతుంది, నాకు తిట్లు ముడతాయండీ."

ఆయన పొలమారేంతగా నవ్వారు. అప్పటినుంచీ నేనున్న పెళ్ళిలో ఆ మాట ఇంకాస్త సాగింది. ఆయన ఒప్పుకోరు గానీ నాకు తెలుసు.

ఆ మరుసటేడు ఆయన కూతురికి సంబంధం కుదిరింది. పెళ్ళి ఏలూరులో. ఆయన ఇంటికి పిలిచి విషయం చెప్పారు. పంతులు గారి తల్లి కొల్లేటికోటలో మంచాన ఉన్నారు. తల్లి లేని ఆ పిల్లను పెంచింది ఆవిడే. కదిపితే ప్రమాదమన్నారట, పెళ్ళికి రాలేరు.

"వీడియో లైట్లు నాకు పడవు, తెలుసుగా. మీ ఫోటో ఒక్కటే ఆధారం. అమ్మ ఒకటే అడిగింది, పిల్ల మెడలో ముడి పడటం చూపించరా అని. మిగతావి మీరు ఎలా తీసినా పర్లేదండీ, అదొక్కటీ పోకూడదు."

"శ్లోకం మీరు చదవరు కదండీ" అన్నాను. పిల్ల తండ్రి పెళ్ళిపెద్దగా నిలబడతాడు, పౌరోహిత్యం ఇంకొకరిది. పెద్ద కెమెరా ఉన్న కుర్రాణ్ణి తాడేపల్లిగూడెం నుంచి రప్పిస్తానన్నాను. ఆయన ససేమిరా అన్నారు. "కొత్తవాడు నా పిల్లను నుంచోబెట్టి కూర్చోబెట్టి ఆడిస్తాడు. మీరే రండి" అన్నారు.

పెళ్ళి చేయించడానికి తాడేపల్లిగూడెం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మహా పండితుడట, కాదనను. కానీ ఆ వేగం! వరపూజ నుంచే నాకు చెమటలు పట్టాయి. మాటకూ మాటకూ మధ్య ఈగ దూరే సందు లేదు. తాళి వేళకు జనం లేచి నిలబడ్డారు. పెళ్ళికొడుకు సూత్రం పట్టుకుని వంగాడు. సన్నాయి, పిల్లల కేకలు, వాటి కింద ఆ పెద్దాయన గొణుగుడు. శ్లోకం మొదలైందో సగమైందో నాకు అంతు చిక్కలేదు. పోయింది, ఇంకేముంది అనుకున్నాను.

అప్పుడు పిల్ల వెనకాల నిలబడ్డ పంతులు గారు కనిపించారు. ఆయన సరిగ్గా నావైపే చూస్తున్నారు. పెదాలు శ్లోకంతో పాటు కదులుతున్నాయి. చూపుడువేలు గుండె దగ్గర పైకెత్తారు. నేను నొక్కేశాను. ఫ్లాషు వెలిగింది. ఆ వెంటనే అక్షింతల వానలో ఇంకేమీ కనపడలేదు.

చిన్న తెర మీద చూసుకుంటే ముడి ఉంది! పెళ్ళికొడుకు వేళ్ళ మధ్య బిగుస్తున్న మొదటి ముడి, వంచిన మెడ, జడలో పూలు. "అమ్మయ్య!" అని పైకే అన్నాను. పంతులు గారికి దూరం నుంచే తలూపాను. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఫోటో పెద్దది వేయించి, వారం తిరక్కుండా ఆయనతో కలిసి కొల్లేటికోట వెళ్ళాను. ఈసారి మొయ్యడానికి సంచి లేదు. పడవలో హాయిగా కూర్చున్నాను. ఇంట్లో పెద్దావిడను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఫోటోను కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. మనవరాలి మెడ మీద వేలు పెట్టి తడిమారు.

"ముడి కనపడుతోందిరా. చల్లగా ఉండాలి నా తల్లి" అన్నారు. ఆ వేలే ఇంకాస్త పైకి జరిగి, పిల్ల వెనకాల నిలబడ్డ కొడుకు మొహం మీద ఆగింది.

"అందరూ పిల్లనే చూస్తున్నారు. నువ్వేంట్రా ఇటు చూస్తున్నావ్?"

"సాయిబు గారికి సైగ చేస్తున్నానమ్మా. ఫోటో పోకూడదని."

"మరి నువ్వెప్పుడు చూశావురా?"

ఎన్ని వందల పిల్లల మెళ్ళో తాళి పడటం దగ్గరుండి చూసిన మనిషి పంతులు గారు! పెద్దావిడ కొడుకు మొహంలోకి కాసేపు చూసి, ఫోటో ఆయనవైపు తిప్పారు.

"ఇలా వచ్చి కూర్చో. నువ్వూ చూద్దువుగాని" అన్నారు.