మూగమఠంలో నేనన్న మాట

చెన్నై పక్కన ఆవడి స్టేషన్ బయట గోడకు సినిమా పోస్టర్లు అంటించేవాడు పొద్దున్నే బకెట్ నిండా మైదా బంక తెచ్చి పెట్టుకుంటాడు. నిన్నటిది అడుగున కాస్త మిగిలిపోయి పులిసి వుంటుంది. ఆ వాసన తగిలితే ఆఫీసుకు ఆలస్యమవుతున్నా నా కాళ్లు ఒక్క నిమిషం ఆగుతాయి. బాల్యమంటే అందరికీ మల్లెపూలూ మామిడిపళ్లూ గుర్తొస్తాయట. నాకు గుర్తొచ్చేది మైదా బంక, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం, ఆ నీలం పలుకుల్ని వేలితో ముట్టుకోబోతే "అది విషం పాపా" అని నా చెయ్యి పట్టి లాగే మా కమలత్త.

తిరుత్తణికి కొద్ది మైళ్ల దూరంలో, చిత్తూరు బస్సులు పోయే రోడ్డు నుంచి లోపలికి వుండేది మా వూరు. ఎప్పుడో విజయనగరం రాజుల కాలంలో వచ్చి సేద్యం చేసుకుంటూ వుండిపోయినవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, తిట్టుకోవడానికి రెండూ. ఆడి నెల, అంటే ఆషాఢం, రాగానే అమ్మవారి గుడి ముందు పెద్ద పెద్ద అండాల్లో రాగి అంబలి కాచి, నంజుకోను చిన్న ఉల్లిపాయలూ వేయించిన మునగాకూ పెట్టి, వచ్చినవాళ్లకల్లా పోసేవాళ్లు. ఆడికృత్తిక పండగ దగ్గర పడేసరికి పసుపు గుడ్డలు కట్టుకుని పూలకావళ్లు భుజానికెత్తుకున్న జనం మా రోడ్డు మీదుగా "అరోహరా" అని అరుచుకుంటూ తిరుత్తణి కొండకు నడిచిపోతుంటే, మేం అచ్చనగండ్లు అరుగు మీదే వదిలేసి, డప్పుల వెనకాల కాళ్లు బొబ్బలెక్కేదాకా పరిగెత్తేవాళ్లం. మాకు తెలిసిన దేవుడు చప్పుడంటే ఇష్టపడే దేవుడు.

అట్లాంటి మా వూరి పక్క మామిడితోటలోకి, డెబ్భైల చివర్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, క్వేకర్లనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు వచ్చి నాలుగు పెంకుటిళ్లు కట్టుకున్నారు. ఎవరైనా వచ్చి కొన్నాళ్లు వుండి, బొమ్మలు వేసుకోవచ్చు, చదువుకోవచ్చు, పుస్తకాలు కుట్టడం నేర్చుకోవచ్చు. ఆదివారం పొద్దున మాత్రం అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుని గంటసేపు నోరు మెదపరు. పూజారి లేడు, పాదిరి లేడు, గంట లేదు, సిలువ లేదు. మనసులో ఏదైనా గట్టిగా తోస్తే ఎవరైనా రెండు ముక్కలు చెప్పొచ్చు, తోచకపోతే లేదు. చివర పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని ఊపి లేస్తారు. ఊళ్లో దానికి మూగమఠం అని పేరు పడిపోయింది. అక్కడి పెద్ద, ఖద్దరు చీర కట్టుకుని తమిళం మాట్లాడే పొడుగాటి దొరసానమ్మ.

కమలత్త మా నాన్న చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే మామ పాము కరిచి పోతే, ఇరవై నాలుగేళ్లకు పుట్టింటికి వచ్చేసింది. మా అవ్వ పోరు పడలేక, శని ఆదివారాలు ఆ తోటకు పోయి పుస్తకాలు కుట్టడం నేర్చుకోవడానికి తాత ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని నమ్మలేదు. మా తాత పెరుగమ్మే మనిషి తెచ్చిన దుత్తలో కూడా వేలు పెట్టి చూసే మనిషి. అత్త వెంట నన్ను కాపలాగా పంపి, తిరిగి రాగానే వేపచెట్టు కింద నిలబెట్టి విచారణ పెట్టేవాడు.

"ఏం చెప్పినారు?"

"ఏమీ చెప్పలేదు తాతా."

"సుమ్మా, ఊరికే ఎవరైనా గంటసేపు కూర్చోనుంటారా? ఏమీ చెప్పలేదంటేనే ఏదో వుండాది. చెయ్యి పట్టుకున్నారే, అరచేతిలో ఏమన్నా పెట్టినారా?"

నేను అరచెయ్యి చూపించేదాన్ని. దాన్ని వాసన కూడా చూసేవాడు. మైదా బంక వాసన వస్తే అది తీర్థం కాదు కదా అని అవ్వను పిలిచి అడిగేవాడు. పైగా ఆయనకు ఇంకో భయం. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. అంటే వాళ్ల మధ్య గంటసేపు ఊరికే కూర్చుంటే వాళ్ల మతానికి సగం ఒప్పుకున్నట్టే. అందుకని నోరు మూసుకున్నా లోపల సుబ్రమణ్యస్వామి పేరు వదలొద్దని నాకు ఆజ్ఞ. నేను పెదాలు కదిపేదాన్ని. దొరసానమ్మ ఒకసారి కళ్లు తెరిచి చూసి, చిన్నగా నవ్వి, మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే.

అనుమానం గజ్జి లాంటిది, ఇంట్లో ఒకరికుంటే అందరికీ అంటుకుంటుంది. సిలువ ఎక్కడో దాచే వుంటారని నేను చాపల కింద వెతికాను, తలుపుల వెనక వెతికాను. తాళం వేసిన చెక్కబీరువా ఒకటుంటే అందులోనే వుందని తేల్చేసుకున్నాను. ఒకరోజు అత్త దాన్ని తెరిస్తే లోపల అట్టలు, దారపు ఉండలు, మైనం ముద్ద. అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు, మేమొస్తున్నామని తెలిసి మార్చేశారనుకున్నాను.

అత్త మాత్రం మారిపోతూ వుండింది. కాగితాలు మడిచి, ఎముక ముక్కతో మడత రుద్ది, మైనం పూసిన దారంతో కుట్టి, వీపుకు గుడ్డ అంటించి, బరువు కింద పెట్టి ఆరబెట్టేది. ఇంట్లో ఎవరి ముఖమూ చూడకుండా తిరిగే మనిషి అక్కడ పదిమంది ముందు "ఈ కుట్టు వదులైంది, విప్పి మళ్లీ కుట్టు" అని గదమాయించేది. అత్త గొంతు అంత బాగుంటుందని నాకు అక్కడే తెలిసింది.

మరుసటి ఏడాది, తోటలోని పడమటి గదిలో చుట్టుపక్కల ఆడవాళ్లకు పుస్తకాల కుట్టుపని బడి పెట్టాలని, దానికి అత్తే టీచరమ్మగా అక్కడే వుండాలని దొరసానమ్మ అంది. ఇది విన్న తాత, వాళ్లంతా కూర్చుని దాన్ని తేల్చే ముందురోజు సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచాడు.

"రేపు వాళ్లేదైనా అడిగితే ఊరకుండొద్దు. ఊరకుంటే ఒప్పుకున్నట్టే. వద్దని చెప్పు. లేకుంటే మీయత్త ఇంక మనకి లేదనుకో."

ఆ తోటలో ఏదైనా తేల్చాలంటే చేతులెత్తించి లెక్కపెట్టడం వుండదు. అందరూ కాసేపు కళ్లు మూసుకుంటారు, ఒక్కొక్కరూ చెబుతారు, ఒక్కరికి మనసు కుదరకపోయినా ఆ పని ఆగుతుంది. అందరూ సరేనన్నారు. వంటాయన కూడా సరేనన్నాడు. దొరసానమ్మ నా వైపు తిరిగి, పెద్దవాళ్లను అడిగినట్టే, "నువ్వేమంటావమ్మా?" అంది. నేను "వద్దు" అన్నాను.

పిల్లది ఏదో అంది లెమ్మని నవ్వి కొట్టేస్తారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. దొరసానమ్మ ఎందుకని అడిగింది, నేను చెప్పలేదు. ఆమె పుస్తకంలో తమిళంలో రాసి చదివింది: "ఒకరికి ఇంకా మనసు కుదరలేదు. ఆగుదాం." అత్త తల వంచుకుని దారానికి మైనం పూస్తూ వుంది. ఇంటికి వచ్చేదారిలో నా చెయ్యి పట్టుకునే నడిచింది, ఒక్క మాట అడగలేదు. తాత ఆరోజు నాకు బెల్లం ముక్క పెట్టాడు.

మరుసటి నెలా అడిగారు, మరుసటి నెలా వద్దన్నాను. ఈసారి తాత చెప్పినందుకే కాదు. ఎనిమిదీ తొమ్మిదేళ్ల పిల్ల మాటకు ఇంత విలువ ఇస్తున్నారంటే నా దగ్గర్నుంచి ఏదో లాగాలనే అని నాకు గట్టిగా అనిపించింది. మా ఇంట్లో నా మాట విని కూర కూడా మార్చేవాళ్లు కాదు మరి. మూడో నెలకు దొరసానమ్మకు కామెర్లు ముదిరి వాళ్ల దేశం తీసుకుపోయారు. తర్వాత వచ్చినవాళ్లకు కుట్టుపని మీద ఆసక్తి లేదు. పడమటి గదిలో ఎరువుల మూటలు పెట్టారు. అత్త మా వంటింట్లోకి వచ్చేసింది, మళ్లీ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక, తాత పోయాక, అత్తను ఆవడికి తెచ్చుకున్నాను. అత్త పోయే ముందటి ఏడు, ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, ముప్పై ఏళ్లుగా గొంతులో వున్నది అడిగేశాను. ఆ పొద్దు నన్ను సరేననమని ఎందుకు చెప్పలేదత్తా అని.

"ఎందుకు చెప్పాల పాపా? మొగుడు పోయి వచ్చినదాన్ని, ఇంట్లో అందరికీ బరువే. యాడికన్నా పోతే బాగుండునని మీయమ్మ కూడా అనుకునింది. పోవద్దని నోరు తెరిచి చెప్పింది నువ్వొకదానివే. బడి పోతే పోయింది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లు వుండినాను."

నాకు ఏడుపొచ్చింది. నిజం నోటిదాకా వచ్చింది. అత్త ముఖం చూసి, చిక్కుడుకాయల గిన్నె నా వైపు లాక్కున్నాను.

మొన్న చిత్తూరు బస్సులో పోతూ కిటికీలోంచి చూశాను. మామిడితోట లేదు, ప్లాట్లు వేసి సున్నం పూసిన రాళ్లు పాతారు. పెంకుటిళ్లు లేవు. ఆడినెల అంబలికి ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసులట. తాత లేడు, దొరసానమ్మ లేదు, అత్త పోయి ఆరేళ్లయింది. ఆ "వద్దు" ఎవరిదో తెలిసినదాన్ని ఇంక నేనొక్కదాన్నే.